నీలం వైపే అరిగిపోయింది

నేను ఒక దొంగసొమ్మును. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే, ఇంత భక్తిగల కథలో ఇదేమిటని మధ్యలో మీరు నొచ్చుకుంటారు. జాతికి పెన్సిల్‌ను. ఒక కొస ఎరుపు, ఇంకో కొస నీలం. కొయ్య లోపల సరిగ్గా నడుమ, ఎరుపూ నీలమూ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. మధ్యలో గోడ లేదు. ఈ సంగతి మనుషులకు చెబితే నమ్మరు. తమలో మంచికీ చెడుకీ నడుమ ఇటుక గోడ ఉందని వాళ్ల ధీమా.

పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోను. ఏదో ఊళ్లో ఏదో రేకుల షెడ్డులో రెండు చెక్కల మధ్య రంగు పుల్లలు పెట్టి, జిగురు రాసి, బిగించి, ఆరు పలకలుగా కోశారు. పన్నెండు మందిమి ఒక అట్టపెట్టెలో పక్కపక్కన పడుకుని కొత్తగేటు పేట మిషను బడికి వచ్చాం. పెన్సిల్‌గా పుట్టాక బడిలో పెరగాలి కదా. పెరిగాను, పదకొండు రోజులు. అందుకే నా చదువు అంతంతమాత్రం. తర్వాత నేర్చుకున్నదంతా ఒకే ఒక్క పుస్తకంలోది. అదీ అక్షరాల కాళ్ల దగ్గర నుంచి చూసి నేర్చుకున్నదే.

ఆ బడి హెడ్మాస్టరు విక్టర్ పంతులుగారికి లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదు, తన చాకు మీద తప్ప. కుర్చీకి గుర్తు, బల్లకు గుర్తు, గంటకొట్టే ఇనుప ముక్కకు కూడా గుర్తు చెక్కేవాడు. మా పన్నెండు మందికీ ఎర్రకొస దగ్గర అక్షరం, అంకె చెక్కాడు. నా మీద ‘మి 7’ అని ఉంటుంది. ‘మి’ అంటే మిషను బడి. ఏడు అంటే నేను.

ఆ బడి ఊడ్చి, గంట కొట్టి, హెడ్మాస్టరు బల్ల తుడిచేది దీనమ్మ. చదువు రాదు. కాని రోజూ మమ్మల్ని వరుస తప్పకుండా సర్దేది. అంకెలు ఆమెకు బొమ్మల్లాగా గుర్తు. బడి గోడకు ఆనుకునే మందిరం. నెలకొక ఆదివారం మందిరంలో ప్రభువు బల్ల ఉంటుంది, రొట్టె, ద్రాక్షరసం అందరూ పంచుకుంటారు. దానికి రొట్టె కాల్చేదీ, చిన్న చిన్న గాజు గిన్నెలు కడిగి ద్రాక్షరసం పోసేదీ దీనమ్మే. ఆ గిన్నెలుండే బీరువా తాళంచెవి ఆమె కొంగుకు ముడేసి ఉండేది. బడిలో చీపురు పట్టే మనిషికి మందిరంలో ఆ తాళంచెవి ఎంత గౌరవమో నేను చెప్పనక్కర్లేదు. నడిచేటప్పుడు అది గాజుల మీద తగిలి చిన్నగా మోగేది. అలా మోగాలనే ఆమె కొంగు ఆ పక్కకు వేసుకునేదని నా అనుమానం.

పన్నెండో రోజున హెడ్మాస్టరు గది కిటికీ రెక్క బాగుచేయడానికి నతనయేలు వచ్చాడు. వడ్రంగి. కొలత గీయడానికి బల్ల మీదనుంచి నన్ను తీసుకున్నాడు, గీశాడు, చెవి మీద పెట్టుకున్నాడు. పని ముగించి సంచి సర్దుకుని ఇంటికి నడిచాడు. ఇంతవరకూ దొంగతనం లేదు. ఇది వడ్రంగి చెవి చేసిన పని.

“ఏవయ్యా, చెవి మీద అదేంది, కొత్తగా ఉందే?” అంది భార్య సలోమి.

అతను చెవి తడుముకున్నాడు. “పెన్సిలు,” అన్నాడు. బడిది, రేపిచ్చేద్దాంలే అని లోపల అనుకున్నాడు.

ఆ రేపు ఇంకా రాలేదు.

నతనయేలు గురించి నిజం చెప్పాలి. నాలాంటి దొంగసొమ్ము చెప్పే నిజం కాబట్టి ఇంకాస్త జాగ్రత్తగా చెప్పాలి. నిందలేని బతుకు బతకాలన్నది అతని కోరిక. నేను ఎగతాళికి అనడం లేదు. తెల్లవారకముందే లేచి, కాళ్లూ చేతులూ కడుక్కుని, తను చేసుకున్న చెక్కపీట మీద బైబిలు పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చునేవాడు. ఐదో తరగతితో ఆగిన చదువు. ఒక్కో అక్షరం పెదాలతో నములుతూ చదివేవాడు. జ్వరం వచ్చినా మానలేదు, తుఫానుకు పైకప్పు ఎగిరిపోయిన రోజున గొడుగు కింద చదివాడు. వాక్యం ప్రకారం అంగుళం తేడా రాకుండా బతకాలి, అంతే. వడ్రంగి కదా, అంగుళం మీదే ధ్యాస.

వచ్చిన చిక్కంతా నన్ను వాడిన పద్ధతిలో ఉంది. కొయ్యపనివాళ్లు చెక్క మీద గీత గీశాక ఒక గుర్తు పెట్టుకుంటారు. ఈ వైపు ఉంచాలి, ఆ వైపు కోసి పారేయాలి. లేకపోతే రంపం తప్పు వైపు దిగుతుంది. నతనయేలు ఆ పద్ధతినే వాక్యంలోకి తెచ్చాడు. ఉంచుకోవాల్సినదానికి ఎరుపు. కోసేయాల్సినదానికి నీలం. దీవెనలన్నీ ఉంచుకోవాల్సినవి, అంటే తనవి. గద్దింపులన్నీ కోసేయాల్సినవి. అవి ఎవరిలోంచి కోసేయాలో మరిచిపోకుండా పక్కన ఒక అక్షరం రాసుకునేవాడు.

మొదటి గీత ఎర్రదే. తన పేరుగల మనిషి ఒకడు ఆ పుస్తకంలో ఉన్నాడట, అతనిలో కపటం లేదని అక్కడే రాసి ఉందట. దాని కింద రెండుసార్లు గీశాడు. అప్పుడు నా ఎర్రకొస అనుకుంది, తనకు చాలా పని ఉంటుందని. పాపం.

ఆ తర్వాత అంతా నీలమే, దీవెనల దగ్గర ఆగే తీరికే లేకపోయింది. గొణిగే భార్య ఇంట్లో ఉంటే వానకు కారే కప్పు కింద ఉన్నట్టే అన్నచోట నీలం గీత, పక్కన ‘స’. తాగుడు గురించి ఎక్కడొచ్చినా నీలం, పక్కన ‘బా’. బా అంటే బావమరిది ఏసుపాదం. మందను వదిలేసి తమ కడుపే నింపుకునే కాపరుల సంగతి వచ్చినచోట చుట్టూ చూసి, తలుపు వేసి ఉందో లేదో చూసి, నీలం గీత గీసి పక్కన చాలా చిన్నగా ‘అ’ అని రాశాడు. మందిరం పాస్టరు కృపావరంగారిని పేటంతా అయ్యగారనే పిలుస్తుంది.

ఉలితో నన్ను చెక్కేవాడు. నీలంవైపు వారానికోసారి చెక్కాల్సి వచ్చేది. సలోమి ఆ పొట్టు ఊడుస్తూ అనేది: “ఈ నీలం ఏంది ఇంతిదిగా అరుగుద్ది? ఎరుపు కొన్న కాడికి అట్టాగే ఉందే.”

“కొన్న కాడికి” అన్న మాట విన్నప్పుడల్లా అతను దగ్గేవాడు.

ఇక బడిలో. విక్టర్ పంతులుగారు అరవలేదు, తిట్టలేదు. అందరి ముందూ మూడు రోజులు మూడుసార్లు అడిగాడు, “ఏడోది కనపడటం లేదు, దీనమ్మా” అని. ఆమె బల్ల కింద, చెత్తబుట్టలో, ఆఖరికి పిల్లల సంచుల్లో కూడా వెతికింది. నాలుగో రోజున ఆయన మా పెట్టెకు తాళం వేశాడు. అంతే. ఒక మనిషి పేరు చెడగొట్టడానికి ఇంతకన్నా నోరు చేసుకోనక్కర్లేదు.

ఆ తాళం సంగతి గోడ దాటి మందిరంలోకి వచ్చింది. దీనమ్మ పెన్సిల్ తీసిందని ఎవరూ అనలేదు. “ఎందుకొచ్చిన గొడవ, బీరువా చెవి కొన్నాళ్లు వేరేవాళ్ల దగ్గరుండనీండి” అన్నారు, ఎంతో ప్రేమగా. ఆమె కొంగు విప్పి ఇచ్చేసింది. “నా మీద మాట పొయ్యేదాకా నేను బల్లకు రాను” అని ఒకటే అంది. అప్పటినుంచి బల్ల ఉన్న ఆదివారం వచ్చి గుమ్మం పక్కన చెప్పుల దగ్గర కూర్చునేది. రొట్టె పళ్లెం లోపల తిరిగేది, గుమ్మం దాకా వచ్చేది కాదు. ఇలా నాలుగేళ్లు.

నతనయేలుకు ఇదంతా తెలుసా అంటే, తెలుసు. మొదటి నెల నన్ను సంచిలో పెట్టుకుని బడి గేటు దాకా రెండుసార్లు వెళ్లాడు. ఇప్పుడిస్తే తననే దొంగ అంటారని వెనక్కి వచ్చాడు. రెండో నెల, ఇంత చిన్న పెన్సిల్‌కు అంత రాద్ధాంతమా అనుకున్నాడు. ఆరో నెలకు మరిచిపోయాడు. మనుషులకు మరుపు వచ్చే తీరు నేను దగ్గరుండి చూశాను. అది దానంతట అది రాదు, మనిషిని పంపి పిలిపించుకుంటారు.

రెండోసారి పుస్తకం మొత్తం చదువుతూ, దొంగిలించకూడదనే ఆజ్ఞ దగ్గరకొచ్చాడు. కాసేపు కిటికీలోంచి బయటకు చూశాడు. పెన్సిల్ తియ్యకపోయినా ఇంకేదో ఒకటి తీసే ఉంటుందిలే అని తనలో తను అనుకున్నాడు. నీలంవైపు తిప్పి గీత గీశాడు. పక్కన ‘దీ’ అని రాశాడు.

దొంగిలించిన పెన్సిల్‌తో ఆ ఆజ్ఞ కింద గీత గీసిన మనిషిని ఇంకెక్కడైనా చూస్తే చెప్పండి, మేమిద్దరం పోయి కలిసి వస్తాం.

ఇందులో ఒక తమాషా ఉంది, అతనికి తట్టలేదు. నా మీద బడి గుర్తు ఎర్రకొస దగ్గర ఉంది. అప్పుడప్పుడూ తనకోసం ఒక్కో ఎర్రగీత గీసుకుని ఉంటే, ఉలి దెబ్బలకు ‘మి 7’ ఏనాడో పొట్టుతో పాటు చెత్తలో కలిసేది. ఊళ్లోవాళ్లందరినీ గీస్తూ పోయాడు గనక తన తప్పుకు సాక్ష్యాన్ని తనే భద్రంగా దాచిపెట్టాడు.

నాలుగో ఏడు, సంఘపెద్దల్లో ఒకాయన ప్రభువు దగ్గరకు వెళ్లిపోయాడు. ఆ స్థానానికి కృపావరం అయ్యగారు నతనయేలు పేరు చదివారు. ఆ మందిరంలో ఒక ఆచారం. పెద్ద కాబోయేవాడి పేరు మూడు ఆదివారాలు చదువుతారు. ఎవరికైనా అతని మీద నింద ఉంటే చెప్పాలి. మూడో ఆదివారం అతను తన సొంత బైబిలు పట్టుకుని అందరి ముందూ నిలబడాలి. అయ్యగారు ఆ పుస్తకం తెరిచి, అతను గీసుకున్న వాక్యాల్లోంచి ఒకదాన్ని చదివించి, అది ఎలా పాటిస్తున్నావని అడుగుతారు.

నతనయేలుకు ఇంతకన్నా ఏం కావాలి. పుస్తకంలో గీత లేని పేజీ లేదు. రెండు ఆదివారాలు ఎవరూ నోరెత్తలేదు. ఆ శనివారం పొద్దున ఎక్కడో తాగుబోతు ప్రస్తావన వచ్చింది, బావమరిదికి గీద్దామని నీలంవైపు ఉలితో చెక్కాడు. ఎరుపు వచ్చింది. ఇంకా చెక్కాడు. ఎరుపే. నీలం అయిపోయింది, నడుమ దాటి ఎరుపులోకి వచ్చేశాడు. నన్ను ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. రెండు ఎర్రకొసల మధ్య ఇరుక్కున్నవాడిలా మొహం పెట్టాడు.

సలోమి గుమ్మంలోంచి చూసి నవ్వింది. “మా తమ్ముడు బతికిపొయ్యాడు.”

మూడో ఆదివారం మందిరం నిండింది. పెద్ద కాబోయేవాడి భార్య గనక సలోమిని ఆడవాళ్ల వరుసలో ముందు కూర్చోబెట్టారు. దీనమ్మ ఎప్పటిలాగే గుమ్మం పక్కన. ఆరాధన అయ్యాక బల్ల ఉంది, రొట్టె మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. నేను బైబిలు జిప్పు కవరులో ఉన్నాను.

అయ్యగారు పుస్తకం తీసుకుని తెరిచారు. పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు.

“అంతా నీలమే ఉందే నతనయేలూ. ఏంది దీని కథ?”

నతనయేలు కొంచెం గర్వంగానే చెప్పాడు. “ఎరుపైతే ఉంచుకునేదండి. నీలం కోసేసేదండి. మన కొయ్యపని పద్ధతి.”

“మంచిదే. మరి ఈ అక్షరాలేంది? ఇక్కడ ‘స’. మళ్లా ఇక్కడ ‘స’. ఇదిగో ఈ పేజీలో మూడు ‘స’లు.”

అతను ఆడవాళ్ల వరుస వైపు చూశాడు.

“నేనేనండీ అయ్యగారూ,” అంది సలోమి కూర్చున్నచోటునుంచే.

మందిరంలో నవ్వులు లేచాయి. అయ్యగారూ నవ్వారు, ఇంకో పేజీ తిప్పారు. నవ్వు ఆగింది. కళ్లజోడు సరిచేసుకున్నారు. “ఈ కాపరుల కాడ ‘అ’ అని ఉంది. ఇదెవరయ్యా?”

నతనయేలు పైన తిరిగే ఫ్యాను వైపు చూశాడు.

“అబ్రహామై ఉంటాడులే,” అన్నారు అయ్యగారు, తనే సమాధానం చెప్పుకుని. ఈసారి వెనక వరుసలు కూడా నవ్వాయి. మనిషి మంచివాడు. తన కడుపు ఒకసారి చూసుకున్నారు కూడా.

సలోమి లేచి ముందుకొచ్చింది. ఆమెకు మొగుణ్ణి బజారుపాలు చేయాలని లేదు. నాలుగేళ్లుగా ఊడ్చిన నీలంపొట్టు సంగతి ఒకసారి చెప్పాలని, అంతే. జిప్పు కవరులోంచి నన్ను తీసి అయ్యగారి చేతిలో పెట్టింది.

“పుస్తకం చూశారుగా, దీన్ని కూడా చూడండి. నీలం మొత్తం మా మీదే అరగ్గొట్టాడు. నిన్న మా తమ్ముడి కోసం చెక్కితే ఎరుపొచ్చింది. ఈ పక్క ఎరుపు చూడండి, పెళ్లికూతురల్లే ఉంది.”

అయ్యగారు నన్ను వెలుతురుకు తిప్పి పట్టుకున్నారు. “అవును, చెక్కుచెదరలా. ఇదేం కంపెనీయో, ఇట్టా చాకుతో చెక్కారు. మి... ఏడు.”

గుమ్మం దగ్గర చెప్పులు కదిలాయి.

“అది కంపెనీ కాదండీ అయ్యగారూ,” అంది దీనమ్మ. ఆమె లేచి నిలబడింది. లోపలికి రాలేదు. “అది బడిది. ఏడోది.”

సలోమి మొగుడి వైపు చూసింది. ఆమె మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

నతనయేలు ముందొక మాట అన్నాడు. “అది... దారిలో...” అని. నాకు నవ్వొచ్చింది, అబద్ధం చెప్పడానికి కూడా చదువు కావాలి. అప్పుడు అతని చూపు అయ్యగారి చేతిలో తెరిచి ఉన్న పేజీ మీద పడింది. కాపరుల పేజీనుంచి వెనక్కి తిప్పుతూ తిప్పుతూ, సలోమి వచ్చేసరికి అయ్యగారు ఆజ్ఞల దగ్గర ఆగి ఉన్నారు. నీలం గీత. పక్కన ‘దీ’.

“దారిలో దొరకలా,” అన్నాడు. “నేనే తెచ్చా. చెవి మీద పెట్టుకుని మరిచిపొయ్యా. తర్వాత మరిచిపోలా, కానీ ఇయ్యలా.”

దీనమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

“నా కాడ్నించి తాళంచెవి తీసుకున్న నాడు నీకు తెలుసా, నతనయేలన్నా?”

అతను చాలాసేపు ఆలోచించాడనుకుంటారేమో, లేదు. “తెలుసమ్మా,” అన్నాడు. నాలుగేళ్లలో అతను అంగుళం తేడా లేకుండా చెప్పిన మాట అదొక్కటే.

బీరువా చెవి దగ్గరున్నావిడ ఎవరూ అడగకుండానే లేచి, గుమ్మం దాకా వెళ్లి, దీనమ్మ ముందు చెయ్యి చాపింది. దీనమ్మ దాన్ని తీసుకోలేదు. “చెవి తర్వాత. ముందు ఆ పెన్సిలు ఇట్టియ్యండి” అంది.

నాలుగేళ్ల తర్వాత ఆ చేతుల్లోకి వెళ్లాను. నన్ను అటూ ఇటూ తిప్పి, పైట కొంగుతో తుడిచింది, బడిలో రోజూ తుడిచినట్టే. సగానికి సగం అయిపోయానని అప్పుడు నాకే సిగ్గేసింది.

“ఇది బడికెందుకింక,” అంది. “ఆయన్నే వాడుకోమనండి. ఎరుపు మిగిలుందిగా.”

తర్వాత తాళంచెవి తీసుకుని కొంగుకు ముడేసుకుంది. చెప్పులు దాటి లోపలికి నడిచింది. గాజుల మీద తగిలి అది మోగింది.

నతనయేలు సంఘపెద్ద కాలేదు. ఆ రోజున బల్లకూ రాలేదు. దీనమ్మ లేచి వచ్చిన చోటనే, చెప్పుల పక్కన కూర్చున్నాడు. వచ్చే నెలా అక్కడే, ఆపై నెలా అక్కడే. అయ్యగారు పిలిచినా రాలేదు. నాలుగో నెల దీనమ్మే గిన్నెల పళ్లెం పట్టుకుని గుమ్మం దాకా వెళ్లింది.

“లెగు నతనయేలన్నా. ఎంతమందో చూసే కడిగా, ఒక గిన్నె ఎక్కువొచ్చింది. నీదే అయ్యుంటది.”

లేచాడు. మోకాళ్లు పట్టేసినట్టున్నాయి, దీనమ్మ పళ్లెం ఒక చేత్తో పట్టుకుని ఇంకో చెయ్యి అందించింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చెక్కపీట ముందు కూర్చున్నాడు. ఆజ్ఞల పేజీ తీశాడు. నీలం గీత రబ్బరుకు పోదు, మా రంగులు అలాంటివి. ‘దీ’ని ఎర్రగా కొట్టేశాడు. పక్కన ‘న’ అని రాశాడు. గీత కింద ఇంకో గీత ఎర్రగా గీశాడు. ఆ తర్వాత మొదటి పేజీనుంచి మొదలుపెట్టాడు, నాలుగోసారి. ఈసారి చదవడం ఇంకా నెమ్మది. ఒక్కో వాక్యం దగ్గర పావుగంట. ‘స’ ఉన్నచోట ‘న’. ‘బా’ ఉన్నచోట ‘న’. కాపరుల దగ్గర కొంచెం తటపటాయించి, అక్కడ ‘అ’ని అలాగే ఉంచేశాడు. మనిషి మారతాడు గాని మరీ అంత మారడు.

ఉలికి ‘మి’ మొదటి నెలలోనే పోయింది. ‘7’ వాన మొదలయ్యాక పోయింది. ఇప్పుడు నా మీద ఎవరి గుర్తూ లేదు. సలోమి చిటికెన వేలి కొసంత ఉన్నాను. పట్టుకోవడానికి రావడం లేదని ఆమె ఒక పాత పెన్ను మూతలో నన్ను దోపింది. ఎర్రపొట్టు ఊడుస్తూ ఇప్పుడు ఏమీ అనదు. నిన్న మాత్రం, “గొణిగే భార్య కాడ కూడా నీ పేరేనా?” అని అడిగింది. “గొణిగించిందెవరు మరి,” అన్నాడతను. ఆమె చీపురు అక్కడే వదిలేసి కాఫీ పెట్టడానికి పోయింది.

అయినా పాత అలవాటు పూర్తిగా పోలేదు. తాగుడు గురించి మంచి వాక్యం ఒకటి ఎదురైతే అతని వేళ్లు నన్ను నీలం కోసం తిప్పబోతాయి. మూత తగులుతుంది. ఒక నిట్టూర్పు విడిచి, మళ్లీ ఎరుపుతోనే గీస్తాడు.

ఇంకో వారానికి సరిపోతాను. నేనైపోయాక ఇంకొకటి కొనుక్కోవాలి, ఈసారి కొనుక్కునే తెచ్చుకుంటాడని నా నమ్మకం. కాకపోతే ఒక్కటే బెంగ. రైలు గేటు దగ్గర షాపులో ఉన్నవన్నీ రెండు రంగులవే.